ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటే ముందు రౌటర్ దగ్గరికి పోండి

"ప్రింటర్ ఆఫ్‌లైన్" అని తెరమీద పడగానే అందరూ చేసే పని ఒకటే. ప్రింటర్ ఆపి ఆన్ చేస్తారు, మళ్లీ ప్రింట్ కొడతారు, రాదు, ఇంకో నాలుగుసార్లు కొడతారు. ఆ తర్వాత ప్రింటర్‌ను కంప్యూటర్లోంచి తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని కూర్చుంటారు. మధ్యలో డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దొరక్క ఉన్నది కాస్తా పోతుంది. అప్పుడు నాకు ఫోను: "అక్కా, ప్రింటర్ పోయినట్టుంది. పొద్దున్నే ఎగ్జామ్, పాపకు హాల్ టికెట్ తీయాల, కొత్తది కొనేదా?"

కొనొద్దు. నిమ్మళంగా రౌటర్ ముందర నిలబడండి.

నేను అనంతపురంలో ఇంట్లోనే టైపింగ్, డీటీపీ చేస్తాను. కోర్టు అఫిడవిట్లు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, పెండ్లి పత్రికల ప్రూఫులు, ఊర్ల నుంచి వచ్చేవాళ్లకు భూమి రికార్డుల సైటు మీభూమిలోంచి అడంగల్, 1బీ కాపీలు. ప్రింటర్ ఆగిన పూట నాకు సంపాదన ఆగినట్టే. రిపేరు మనిషి టవర్ క్లాక్ దగ్గర్నుంచి ఎప్పుడొస్తాడా అని కాచుకోలేక ఈ పని నేనే నేర్చుకున్నాను. ఇన్నాళ్లలో నాకు తేలింది ఏమంటే, ఇండ్లల్లో ప్రింటర్ చెడిపోయిందని చెప్పేవాటిలో చానా మటుకు ప్రింటర్ శుభ్రంగా ఉంటుంది, దానిదాకా పోయే దారి తెగి ఉంటుంది. ఎక్కడ తెగిందో కనుక్కోవడమే పని. కనుక్కున్నాక బాగుచేయడం రెండు నిమిషాలు.

దారి ఇట్లా ఉంటుంది. వీధి స్తంభం మీంచి ఫైబర్ తీగ ఇంట్లోని డబ్బాలోకి, అదే రౌటర్‌లోకి, వస్తుంది. ఆ డబ్బా నుంచి ఒక పాయ కంప్యూటర్‌కు, ఇంకో పాయ ప్రింటర్‌కు. ఒక సంగతి చానామందికి తట్టదు: ఇంట్లో ప్రింట్ రావడానికి మామూలుగా ఇంటర్నెట్ అక్కర్లేదు. వీధిలో తీగ తెగి నెట్ పోయినా, రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు, కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కు కాగితం పోతుంది. కాబట్టి నెట్ రాకపోవడం ఒక జబ్బు, ప్రింట్ రాకపోవడం ఇంకో జబ్బు. రెండూ ఒకేసారి వచ్చాయా, రౌటర్‌ను పట్టుకోండి. నెట్ బాగుండి ప్రింట్ ఒక్కటే రాలేదా, కిందికి పోయి ప్రింటర్ అడ్రసు గురించి రాసింది చదవండి.

డబ్బా మీది లైట్లు

ఫైబర్ డబ్బా మీద పవర్, పాన్, లాస్, వైఫై అని చిన్న లైట్లుంటాయి. పాన్ ఆగకుండా వెలుగుతూ, లాస్ ఆరిపోయి ఉంటే లైను బాగుందని అర్థం. లాస్ ఎర్రగా మినుకుతోందంటే వెలుతురు బయటినుంచే రావడం లేదు. ఇక కంప్యూటర్లో మీరు ఏం చేసినా ఉపయోగం లేదు. డబ్బా వెనక సన్నటి ఫైబర్ తీగ మంచం కోడు కిందో, తలుపు సందులోనో నలిగిందేమో చూడండి. దాంట్లో పోయేది వెలుతురు, చిన్న మడత పడినా ఆగిపోతుంది. అక్కడ బాగుంటే కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్ చేసి, "నెట్ రావడంలేదు" అనకుండా, "లాస్ ఎర్ర లైటు వస్తాంది" అనండి. ఆ ఒక్క మాటతో ఆపి ఆన్ చేయించే ముచ్చట్లు లేకుండా, వచ్చేటప్పుడే తీగ అతికే మిషన్ తెచ్చుకుంటాడు. ఆషాఢంలో మాకు గాలి విపరీతం. వేపకొమ్మలు తీగల మీద పడి ఊగుతుంటాయి. ఆ నెలల్లో నేను ముందు లాస్ లైటే చూస్తాను.

లైట్లన్నీ మాటిమాటికీ ఆరిపోయి మళ్లీ వెలుగుతున్నాయా? సందకాడ వీధిలో బోరు మోటార్లు వేసే టైముకే ఇట్లా జరుగుతుంటే వోల్టేజీ పడిపోతోందన్న మాట. ఫ్యాను కాస్త నెమ్మదిస్తుంది, మనం పట్టించుకోం, రౌటర్ మాత్రం మొదటికి వచ్చి మళ్లీ లేస్తుంది. దీనికి రౌటర్ల కోసమే చిన్న యూపీఎస్‌లు అమ్ముతున్నారు. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసింది చూడండి. ఎక్కువగా 12 వోల్టులు ఉంటుంది, కొన్నింటికి 9 ఉంటుంది. వోల్టులు సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. పిన్ను దూరింది కదా అని వేరే అడాప్టర్ గుచ్చితే డబ్బా కాలిపోవచ్చు.

లైట్లు బాగుండి నెట్ రాకపోతే రీస్టార్ట్ చేయండి. స్విచ్ తీసి అర నిమిషం ఆగాలి, వెంటనే వేస్తే లాభం లేదు. వేశాక రెండు మూడు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయండి. ఆ తర్వాతే కంప్యూటర్, ప్రింటర్ ఆపి ఆన్ చేయండి. డబ్బా వెనక సూది దూరేంత బొక్క ఒకటి ఉంటుంది, రీసెట్ అని రాసి. దాని జోలికి పోవద్దు. పిల్లలు వీడియోలు చూసి పిన్నీసు పెట్టి నొక్కుతుంటారు. అది నొక్కితే రీస్టార్ట్ కాదు, కంపెనీవాళ్లు అందులో పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, మీరు పెట్టుకున్న వైఫై పేరు, అన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. అయిదు నిమిషాల పని రెండు రోజులకు పడుతుంది.

ఫోన్లో వస్తుంది, కంప్యూటర్లో రాదు

ఫోన్‌తో పరీక్ష చేసేటప్పుడు మొబైల్ డేటా ఆపి వైఫై ఒక్కటే ఉంచండి. లేకపోతే సిమ్ములోంచి వచ్చే నెట్‌ను చూసి రౌటర్ బాగుందనుకుంటారు. వైఫైలో ఫోన్‌కు వచ్చి కంప్యూటర్‌కు రాకపోతే తప్పు కంప్యూటర్‌దే.

స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ అనే వరస చూడండి. 192.168తో మొదలైతే రౌటర్ మీ కంప్యూటర్‌కు నంబరు ఇచ్చింది. 169.254తో మొదలైతే రౌటర్ ఇవ్వలేదు, కంప్యూటర్ తనకు తానే ఏదో పెట్టుకుంది. అప్పుడు వైఫై పేరు మీద ఫర్‌గెట్ కొట్టి, మళ్లీ పాస్‌వర్డ్ ఇచ్చి కలపండి. తీగతో కలిపినవాళ్లు తీగ తీసి టక్కుమని శబ్దం వచ్చేదాకా గుచ్చండి. ఆ ప్లాస్టిక్ నాలుక విరిగిపోయిన తీగలు ఎన్ని ఇండ్లల్లో ఉన్నాయో! ఊడ్చేటప్పుడు చీపురు తగిలితే చాలు, వదులవుతుంది.

నంబరు సరిగ్గానే ఉంటే అదే నల్ల తెరలో పింగ్ అని, ఒక ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టండి. రిప్లై అని వరసలు వస్తూ, బ్రౌజర్లో మాత్రం ఏ సైటూ తెరుచుకోకపోతే, నెట్ ఉంది, సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిపెట్టే డీఎన్ఎస్ పనిచేయడం లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మీ వైఫై ప్రాపర్టీస్, డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ దగ్గర ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి మొదటి గడిలో 8.8.8.8, రెండో దాంట్లో 1.1.1.1 పెట్టండి. మొదటిది గూగుల్‌ది, రెండోది క్లౌడ్‌ఫ్లేర్‌ది. రెండూ ఉచితమే.

పాత డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇంకోటి. కరెంటు పోయి వచ్చాక ఏ సైటు తెరిచినా "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని వస్తుంటే నెట్‌ను తిట్టకండి, తెర కింది మూల తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటుంది. ప్రతి సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే సర్టిఫికెట్ ఉంటుంది. మీ కంప్యూటర్ ఇంకా పాత సంవత్సరంలోనే ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్ చెల్లదని గొడవ చేస్తుంది. లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల మాదిరి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అని. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం మొదటికి వస్తుంది. ప్లగ్ పూర్తిగా పీకేసి, క్యాబినెట్ తెరిచి, పక్కనున్న క్లిప్ నొక్కితే బిళ్ల లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి వచ్చేట్టు కొత్తది పెట్టి, తేదీ సరిచేసుకోండి. గడియారాల అంగడిలో కూడా దొరుకుతుంది.

వైఫై బలం గురించి రెండే ముక్కలు. పాతూరు ఇండ్ల రాతిగోడలు దాటి 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ సరిగా పోదు, 2.4 పోతుంది. వేగం 5లో ఎక్కువ, దూరం 2.4లో ఎక్కువ. టీవీ వెనక, తాడిపత్రి బండల అల్మారాలో రౌటర్ పెట్టి వంటింట్లో సిగ్నల్ రాదంటే ఎట్లా వస్తుంది? హాలు మధ్యన, తల ఎత్తున, గోడకు బిగించండి.

ప్రింటర్ అడ్రసు మారింది

అసలు కథ ఇక్కడ. రౌటర్ ఇంట్లోని ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇస్తుందని చెప్పాను కదా. ఆ నంబరు శాశ్వతం కాదు, కొంతకాలానికే ఇస్తుంది. మీరు ప్రింటర్ కొత్తగా పెట్టిన రోజు దానికి 192.168.1.7 ఇచ్చిందనుకోండి. కంప్యూటర్ దాన్ని రాసిపెట్టుకుంది. ఒక రాత్రి కరెంటు పోయి తెల్లారి వచ్చింది. ముందు ఫోన్లు, టీవీ లేచి నంబర్లు తీసుకున్నాయి, ప్రింటర్‌కు ఈసారి 192.168.1.12 దక్కింది. కంప్యూటర్ మాత్రం ఇంకా 7 దగ్గరే తలుపు తడుతోంది. పలకకపోతే ఆఫ్‌లైన్ అంటుంది. ప్రింటర్ మాత్రం పక్కనే పచ్చలైటు వేసుకుని కూర్చుని ఉంటుంది! అన్ని మోడళ్లకూ ఇదే కారణం కాదు గానీ, నేను చూసిన ఆఫ్‌లైన్‌లలో ఎక్కువ ఇదే.

ప్రింటర్ ప్రస్తుత నంబరు కనుక్కోండి. తెర ఉన్న ప్రింటర్లకు నెట్‌వర్క్ మెనూలో ఉంటుంది. తెర లేనివాటికి వైఫై బటనో, ఐ అక్షరమున్న బటనో కాసేపు నొక్కిపట్టుకుంటే ఒక కాగితం అచ్చయి వస్తుంది, దానిమీద ఐపీ అడ్రస్ అని ఉంటుంది. ఏ బటనన్నది మీ మోడల్ పుస్తకంలో చూడండి. ఆ నంబరును కంప్యూటర్ బ్రౌజర్లో, సైటు పేరు కొట్టేచోట, కొట్టండి. ఇంకు ఎంతుందో చూపించే ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుందా? అయితే దారి బాగుంది, కంప్యూటర్ దగ్గరున్న అడ్రసే పాతది. తెరుచుకోలేదంటే ప్రింటర్ అసలు మీ వైఫైలోనే లేదు, లేదా కంప్యూటర్ గెస్ట్ వైఫైలోనో (వచ్చిపోయేవాళ్లకు విడిగా పెట్టే వైఫై), ఆఫీసు వీపీఎన్‌లోనో (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారి) ఉంది. గెస్ట్ వైఫైలో ఉన్నవాటికి ఇంట్లోని మిగతా వస్తువులు మామూలుగా కనబడవు, భద్రత కోసం అట్లా పెడతారు.

పాత అడ్రసు అయితే, సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కు పోండి. యాడ్ డివైస్ నొక్కి కాసేపు ఆగితే కింద యాడ్ మాన్యువల్లీ అని వస్తుంది. అందులో ఐపీ అడ్రస్‌తో కలిపే దారి ఎంచుకుని కొత్త నంబరు ఇవ్వండి. ప్రింట్ వస్తుంది. ఇక్కడితో ఆపితే ఇంకోసారి కరెంటు పోయినప్పుడు మళ్లీ ఇదే తంతు. అందుకే రౌటర్‌లో కూడా ఒక పని చేయాలి. బ్రౌజర్లో రౌటర్ అడ్రసు (ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది) కొట్టి, డబ్బా కింద అంటించిన చీటీలోని పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి పోయి, డీహెచ్‌సీపీ అన్నచోట అడ్రస్ రిజర్వేషన్ అని వెతకండి. అచ్చయి వచ్చిన కాగితంలోనే మ్యాక్ అడ్రస్ అని పన్నెండు అక్షరాలు ఉంటాయి. ఆ మ్యాక్‌కు ఎప్పుడూ ఈ నంబరే ఇవ్వమని రాసి సేవ్ చేయండి. ఇక ప్రింటర్‌కు ఆ నంబరు ఖాయం.

నంబరు సరిగ్గా ఉండి, పేజీ తెరుచుకుంటూ, అయినా ఆఫ్‌లైన్ అంటోందా? ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, కాన్ఫిగర్ పోర్ట్ దగ్గర ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అనేదానికి టిక్ తీసేయండి. కొన్ని ప్రింటర్లు ఆ పలకరింపుకు బదులివ్వవు, విండోస్ దాన్ని ఆఫ్‌లైన్ అని రాసుకుంటుంది. ఇంకోటి, ప్రింటర్స్ పేజీలోనే కింద "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. నిన్న పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఉంటే ఈరోజు కాగితం బదులు పీడీఎఫ్ ఎక్కడ సేవ్ చేయాలని అడుగుతుంది. ప్రింటర్ పలకడం లేదని మనం దాన్ని తడుతుంటాం.

కొత్త రౌటర్ పెట్టించుకున్నాక ప్రింటర్ రాకపోతే సులువైన మార్గం ఒకటుంది. కొత్త రౌటర్‌కు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టేయండి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా. ప్రింటర్, టీవీ, ఫోన్లు అన్నీ వాటంతట అవే కలుస్తాయి. ప్రింటర్‌ను విడిగా కలపాలంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇంట్లో వాడే ప్రింటర్లు చానా వరకు 2.4 గిగాహెర్ట్‌జ్‌నే పట్టుకుంటాయి. 2.4, 5 రెండు బ్యాండ్లకూ ఒకే పేరుండి ప్రింటర్ కలవకపోతే, రౌటర్‌లో వేర్వేరు పేర్లు పెట్టి 2.4 దానికి కలపండి.

అర్జెంటుగా కాగితం కావాలంటే ఇవేవీ వద్దు. యూఎస్‌బీ తీగ తెచ్చి ప్రింటర్‌ను నేరుగా కంప్యూటర్‌కు గుచ్చండి. పని అయ్యాక వైఫై సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

వరసలో ఇరుక్కున్న కాగితాలు

ప్రింట్ కొట్టిన పనులు వరసలో ఇరుక్కుని, డిలీట్ కొట్టినా "డిలీటింగ్" అంటూ గంటల తరబడి ఉంటాయి. వెనకవన్నీ ఆగిపోతాయి. ప్రింటర్ ఆపండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లీషులో కొట్టండి. వచ్చిన జాబితాలో ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనుల వరసను చూసుకునేది ఇదే) మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ అనండి. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ తెరిచి లోపలున్న ఫైళ్లు తీసేయండి. ఫోల్డర్ తీసేయొద్దు, లోపలివి మాత్రమే. తిరిగి స్పూలర్ స్టార్ట్ చేసి ప్రింటర్ వేయండి.

ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీతో ఉన్న ప్రింటర్‌ను ఇంకో కంప్యూటర్‌తో పంచుకునేవాళ్లకు చివర 11బీ అని ఒక ఎర్రర్ వస్తుంటుంది. 2021లో ప్రింట్ స్పూలర్‌లో పెద్ద భద్రతా లోపం బయటపడింది. ఆ ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్లతో విండోస్ కట్టుదిట్టం చేశాక ఈ ఎర్రర్ మొదలైంది. రిజిస్ట్రీలో ఒక అంకె మారిస్తే పోతుందని వీడియోలు చెబుతాయి. పోతుంది, దాంతోపాటే ఆ కట్టుదిట్టమూ పోతుంది. ప్రింటర్‌కు వైఫై ఉంటే రౌటర్‌కే కలుపుకోవడం మేలు.

ప్రింట్ వచ్చింది, తప్పుగా వచ్చింది

ఏ ఎర్రరూ లేకుండా ప్రింటర్ మినుకుతూ, కాగితం పెట్టమంటుంది. ట్రే నిండా కాగితముంది! డాక్యుమెంట్ సైజు చూడండి, లెటర్ అని ఉంటుంది. అది అమెరికావాళ్ల సైజు, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. మన ఏ4 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. ప్రింటర్ లెటర్ కాగితం కోసం కాచుకుంది. ఏ4 అని మార్చండి. లీగల్ కాగితం మీద అచ్చు వేసేటప్పుడు ప్రింట్ బాక్సులోనూ లీగల్ అనే పెట్టాలి, లేకపోతే కింది రెండు మూడంగుళాలు ఖాళీగా వచ్చి వకీలు ముందు మనం పలచనవుతాం. స్టాంపు పేపర్ మీద వేసేముందు అదే కొలత తెల్లకాగితం మీద ఒకటి తీసి, రెండూ కలిపి వెలుతురుకు పట్టి చూడండి. ముద్ర మీద అక్షరం ఎక్కుతుందా లేదా అక్కడే తెలిసిపోతుంది.

తెలుగు పీడీఎఫ్ తెరమీద బాగుండి కాగితం మీద ఒత్తులు విడిపోయి, గడులు గడులుగా వస్తే, అడోబ్ రీడర్ ప్రింట్ బాక్సులో అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రింట్ యాజ్ ఇమేజ్‌కు టిక్ పెట్టండి. పేజీని బొమ్మగా పంపుతుంది, నెమ్మదిగా వస్తుంది, అక్షరం చెదరదు. ఎవరైనా అను ఫాంటులో చేసిన వర్డ్ ఫైలు పంపితే మీ దగ్గర ఆ ఫాంటు లేనప్పుడు ఇంగ్లీషు అక్షరాల చెత్త కనబడుతుంది. మీ కంప్యూటర్ తప్పేం లేదు, పీడీఎఫ్ చేసి పంపమనండి.

ఇంకు ట్యాంకు ప్రింటర్లకు మా ఎండలే శత్రువు. వేసవి సెలవుల్లో ఊరికి పోయి నెలన్నరకు వస్తే ఇంకు చిమ్మే నాజిల్ ఎండిపోయి గీతలు గీతలుగా వస్తుంది. వారానికోసారి అన్ని రంగులూ ఉన్న ఒక పేజీ తీస్తే చాలు. గీతలొస్తే నాజిల్ చెక్, ఒకటి రెండుసార్లు హెడ్ క్లీనింగ్, తర్వాత ఆరేడు గంటలు వదిలేయండి. వరసబెట్టి క్లీనింగ్ కొడితే ఇంకంతా లోపలి వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, అది నిండితే ప్రింటరే ఆగిపోతుంది. ట్రే మీద ఒక గుడ్డ కప్పి ఉంచండి, దుమ్ము రబ్బరు చక్రాల మీద పేరుకుంటే కాగితాన్ని పట్టవు.

లేజర్ ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు, ఇంటి ఇన్వర్టర్‌కు పెట్టొద్దు. లోపల టోనర్‌ను కాల్చి అతికే రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చానా కరెంటు లాగుతుంది, యూపీఎస్ కుయ్యోమంటుంది. ఉరుములు మొదలైతే రౌటర్, ప్రింటర్ ప్లగ్గులు పీకేయండి. ఫైబర్‌లో కరెంటు రాదు గానీ అడాప్టర్ గుండా, లాన్ తీగ గుండా వస్తుంది.

ఇవన్నీ చేసినా కాకపోతే సర్వీసు నంబరు కావాలి. ఆ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. ప్రింటర్ కంపెనీ పేరు పెట్టి హెల్ప్‌లైన్ అని దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చునేవాళ్లున్నారు. ప్రింటర్ డబ్బా మీదో, వారంటీ కార్డు మీదో అచ్చైన నంబరుకే చేయండి. అవతలివాడు ఫోన్లోగానీ కంప్యూటర్లోగానీ తెర చూసే యాప్ ఏదైనా వేయమన్నా, పది రూపాయలు కట్టి రిజిస్టర్ చేసుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే గమ్మున కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు కూడా వెంటనే చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ.